తొడ ఫ్లాప్: పర్ఫొరేటర్ కనపడకపోతే?

ప్రశ్న: ప్లాస్టిక్ సర్జరీ రెసిడెంట్‌ని. నిన్న యాంటీరోలేటరల్ థై ఫ్లాప్ (మరోచోట అతికించడానికి తొడ ముందు-బయటి వైపు నుంచి రక్తనాళంతో సహా తీసే చర్మం ముక్క) తీస్తుంటే, రెండు కండరాల మధ్య పొరలో పర్ఫొరేటర్ (లోపలి నుంచి చర్మానికి రక్తం తెచ్చే సన్నని నాళం) కనపడలేదు. డాప్లర్‌లో (రక్తప్రవాహాన్ని శబ్దంగా వినిపించే పరికరం) చప్పుడు మాత్రం వినిపించింది. ఒకటే టెన్షన్! సీనియర్ వచ్చి గట్టెక్కించారు. నా పొరపాటెక్కడ?

జవాబు 1: పొరపాటేం లేదండీ. ఆ పొరలో వచ్చేవి తక్కువ. ఎక్కువ శాతం తొడ బయటివైపు ఉండే వాస్టస్ లేటరాలిస్ కండరంలోంచే పైకొస్తాయి. తుంటి ఎముక ముందు మొన నుంచి మోకాలిచిప్ప బయటి పై మూలకు గీత గీసి, దాని మధ్య బిందువు చుట్టూ 3 సెంటీమీటర్ల వ్యాసార్ధంలో వెతకండి.

జవాబు 2: నేనైతే ముందు రెక్టస్ ఫెమొరిస్‌ను (తొడ ముందువైపు కండరం) పక్కకు లాగి, పర్ఫొరేటర్లకు మూలమైన లేటరల్ సర్కమ్‌ఫ్లెక్స్ ఫెమొరల్ ధమని కిందికి దిగే కొమ్మను చూసుకుంటాను. వాస్టస్ కండరాన్ని కదిలించే నరం దాని పక్కనే ఉంటుంది, జాగ్రత్త.

ప్రశ్న అడిగినవారు: పక్కనే ఏంటి సార్, నిన్న రక్తనాళాల మధ్యలోంచే దూరింది! విడదీయడానికే అరగంట పట్టింది.