మిల్లు గుంటడు, బంగళా బాబు: పాటల నాటకానికి సలహాలు కావాలి

గోగునార (ప్రశ్న):
నమస్కారం. విజయనగరంలో గంటన్నర పాటల నాటకం ఒకటి తయారవుతోంది. జూట్ మిల్లులో పనిచేసే ఓ తల్లి తన కొడుక్కీ, మేనేజరు గారి కొడుక్కీ కలిపి పాలిచ్చి పెంచుతుంది. ఏడేళ్ళొచ్చేసరికి ఇద్దరూ ప్రాణనేస్తాలు. పద్దెనిమిదేళ్ళకి లాకౌటు పడిన మిల్లు గేటు దగ్గర చెరో పక్క. నటులు 11 మంది, పాటలు 13. హార్మోనియం, కీబోర్డు, డోలక్, డప్పు ఉన్నాయి. తల్లీకొడుకుల పాట ఎవరో ఒకరి గొంతుకి అందట్లేదు. ముప్పయ్యేళ్ళ నటులు ఏడేళ్ళ పిల్లలుగా వస్తే నవ్వకూడని చోట జనం నవ్వుతున్నారు. యాస ఎంత పెట్టాలో తేలట్లేదు. మైకుల సంగతి కూడా ఎవరైనా చెబితే పుణ్యం.

ఒకటిన్నర శ్రుతి:
ముందు లెక్క చూడండి. పాటకి 4 నిమిషాలు వేసుకున్నా 13 పాటలకి 52 నిమిషాలు. మాటలకి మిగిలేది 38. అందులో పాలబంధం, స్నేహం, లాకౌటు మూడూ ఇరకవు. నిండు పాటలు 8 ఉంచండి. తల్లి జోలపాటని మాత్రం మళ్ళీ మళ్ళీ తెండి, ప్రతిసారీ నిమిషం లోపే.

రెండిళ్ళ మధ్య అంతరం వినిపించాల్సింది ఆ జోలలోనే. ఆనందభైరవి రాగంలో కడితే పల్లెగొంతుకీ, కచేరీగొంతుకీ రెంటికీ ఒదుగుతుంది. మిల్లు లైనులో (పనివాళ్ళ ఇళ్ళ వరసలో) ఆవిడ పాడినప్పుడు తోడు ఏమీ వద్దు, ఊయల తాడు కిర్రుమన్న చప్పుడు చాలు. బంగళాలో అదే వరస కీబోర్డు మీద, మాటలు లేకుండా. పాట ఒకటే అని ప్రేక్షకుడికి మూడోసారికి గానీ తట్టదు, తట్టాల్సింది కూడా అప్పుడే.

ఆటపాటకి ఒక చిట్కా. మిల్లు కుర్రాడికి డప్పు మీద తిశ్రం, అంటే మూడక్షరాల నడక, తకిట. బంగళా కుర్రాడికి కీబోర్డు మీద చతురశ్రం, నాలుగక్షరాల నడక, తకధిమి. అక్షర వేగం ఒకటే ఉంచి రెండూ కలిపి నడిపిస్తే ప్రతి 12 అక్షరాలకీ ఒకచోట పడతాయి: నాలుగు తకిటలు, మూడు తకధిములు. ఇద్దరూ ఆ దెబ్బ మీదే చేతులు చరుచుకోవాలి. గేటు దగ్గర సీనులో అదే నడక తెచ్చి, ఆ దెబ్బ ఒక్కటీ ఎత్తేయండి. ముందుగా కీబోర్డు ఆయన, డప్పాయన విడిగా రెండు రోజులు కూర్చోవాలి. లేకపోతే నాలుగో ఆవృతానికే (తాళం నాలుగో చుట్టుకే) ఒకరు రెండోవారి నడకలోకి జారిపోతారు.

తల్లీకొడుకుల యుగళం సంగతి. శ్రుతి అంటే గొంతుకి ఆధారమైన షడ్జమం (స) ఏ మెట్టు మీద ఉందో. మగగొంతు ఒకటిన్నర (C#), ఆడగొంతు ఐదున్నర (G#) అనుకుందాం. మధ్యలో నాలుగు శ్రుతి (F) పెడితే పాడొచ్చు గానీ కొడుకు చరణం ధైవతం (ద) దాటకూడదు, తల్లి చరణం మంద్రంలోకి, అంటే కింది స్థాయిలోకి దిగకూడదు. ఇంకో దారి ఉంది, నాకు అదే ఇష్టం. ఒకటిన్నరకి పంచమం (ప) అంటే ఐదున్నరకి షడ్జమే కదా! కొడుకు చరణాన్ని పంచమం మీద ఆపండి. కీబోర్డు ఆ స్వరాన్ని రెండు ఆవృతాలు పట్టి ఉంచాలి. తల్లి దాన్నే తన షడ్జమంగా అందుకుంటుంది. ఆ రెండు ఆవృతాలూ శ్రుతిపెట్టె ఆపేయాలి, మర్చిపోతే మొత్తం పాడు. హార్మోనియం మెట్లు ఎక్కడ పలుకుతున్నాయో ఫోన్లో ట్యూనర్ పెట్టి చూసి, కీబోర్డు ట్యూనింగునే దానికి కలపండి. హార్మోనియాన్ని కీబోర్డుకి కలపడం మన చేతిలో పని కాదు.

సైడ్ వింగ్:
పెద్దవాళ్ళు పిల్లలుగా వెయ్యడం లివర్‌పూల్‌లో 1983లో ఆడిన విల్లీ రస్సెల్ ‘బ్లడ్ బ్రదర్స్’లోనూ ఉంది. విడిపోయిన కవలలుగా ఏడేళ్ళ వయసు నుంచీ పెద్ద నటులే వేస్తారు. నవ్వు వచ్చేది గొంతు సన్నం చేసినప్పుడు. గొంతు ముట్టుకోవద్దు, ఒంట్లో చూపించండి. ఏడేళ్ళవాడు నిలబడ్డచోట నిలబడడు, ఎదుటివాడి మాట పూర్తవకుండానే పరిగెడతాడు, చొక్కా అంచు నోట్లో పెట్టుకుంటాడు. పద్నాలుగేళ్ళకి చేతులేం చేసుకోవాలో తెలీదు. పద్దెనిమిదికి మిల్లు కుర్రాడి భుజాలు వంగిపోవాలి, బంగళా కుర్రాడివి వంగకూడదు.

చొక్కా ఒక్కటే కథ చెప్పగలదు. బంగళా బాబు మెడ దాకా బొత్తాలు పెట్టుకున్న చొక్కాయే తర్వాతి సీనులో మిల్లు గుంటడి ఒంటి మీద, ఒక బొత్తం ఊడిపోయి ఉంటే చాలు, డైలాగు అక్కర్లేదు. మార్చడానికి బొత్తాల కింద వెల్క్రో కుట్టించండి. నిమిషానికి 96 దెబ్బల వేగంలో ఆదితాళం ఒక ఆవృతం 5 సెకన్లు. 5 ఆవృతాల వాద్యం ఇస్తే 25 సెకన్లు దొరుకుతాయి, సరిపోతుంది.

ఏటి సంగతి:
గోగునార గారూ, విజయనగరంలో యాస గురించి అడగడం భలే ఉంది. ‘కన్యాశుల్కం’ 1892లో మొదట ఆడింది ఆ ఊళ్ళోనే, ఎవరి మాట వారి నోట పలికించిన నాటకం. మీరూ అదే చెయ్యండి. కానీ యాసని నవ్వుకోసం వాడకండి. హాల్లో కూర్చున్నవాళ్ళు ఇంటిదగ్గర మాట్లాడేది అదే, సినిమాల పుణ్యమా అని ఇప్పటికే ఒళ్ళు మండి ఉన్నారు.

తల్లి “ఏటి సేస్తన్నావు, బేగి రా” అంటుంది. మేనేజరమ్మ “ఏం చేస్తున్నావు, త్వరగా రా” అంటుంది. తేడా అంతే, ప్రతి మాటనీ వంకర తిప్పక్కర్లేదు. అసలు పని బంగళా కుర్రాడితో చేయించాలి. మొదటి సీనులో “ఏమిటి”, నేస్తం కలిశాక “ఏటి”, అమ్మ ముందు మళ్ళీ “ఏమిటి”. పద్దెనిమిదేళ్ళకి మిల్లు కుర్రాడు “ఏటి?” అంటే వీడు “ఏమిటి?” అనాలి. తెగిపోయిందని జనానికి అక్కడ అర్థమవుతుంది.

పాటల్లో “ఎల్తన్నాను” లాంటి మాటని పై స్వరం మీద సాగదీయొద్దు, నలిగిపోతుంది. పొట్టి స్వరాల మీద వేసి, సాగే చోట ఆ, ఓ పడేలా రాసుకోండి.

ఒకటిన్నర శ్రుతి:
కథకుడు ఉంటే జముకు అనే తీగ వాద్యంతో చెప్పే జముకుల కథ పద్ధతి బాగుంటుంది, వంత (వెనక అందుకుని పాడేవాళ్ళు) ఇద్దరు చాలు. జముకు పలుకు తీగ బిగువుని బట్టి మారుతుంది కాబట్టి దాన్ని శ్రుతికి వాడకండి, నడకకే.

గోగునార:
అందరికీ దణ్ణాలు. గేటు సీనులో ఛాతీ మీద రేకు తప్పెట వాయిస్తూ ఆడే తప్పెటగుళ్ళు వాళ్ళని ఇద్దరిని పెట్టాం. కాలర్ మైకు పెడితే రేకు మోత తప్ప మాట వినపడట్లేదు.

పెట్టె మైకు:
రేకు ఛాతీ మీదే ఉంటుంది, కాలర్ మైకు దాని నెత్తిన కూర్చున్నట్టే. చెవికి తగిలించే మైకు పెట్టి, పెదవి మూలకి రెండు వేళ్ళ దూరంలో చెంపకి టేపు వెయ్యండి. నోటికి ఎదురుగా వద్దు, ఊపిరి కొడుతుంది. చెమటకి టేపు ఊడుతుంది, ముందు చెంప తుడిచి అప్పుడు అంటించాలి. వంత వాళ్ళకి స్టాండు మైకులు రెండు. నోటికీ మైకుకీ అడుగు దూరం ఉంటే, రెండు మైకుల మధ్య మూడడుగులు. స్పీకర్లు మైకుల వరస కంటే ఐదారడుగులు ముందుకి, లేకపోతే స్పీకర్ల కూత తప్పదు. బ్యాటరీలు ప్రతి ఆటకీ కొత్తవి.

కరెంటు పోయి జనరేటరుకి మారే ఆ రెండు సెకన్లలో కీబోర్డు ఆగి మళ్ళీ వెలుగుతుంది. చాలా వాటిలో ట్రాన్స్‌పోజ్ (శ్రుతి మార్చే అంకె) సున్నాకి వచ్చేస్తుంది, హార్మోనియానికి కలిపిన ట్యూనింగూ పోవచ్చు. తల్లి ఐదున్నరలో అందుకోబోతే వాద్యం ఇంకెక్కడో ఉంటుంది. కీబోర్డుకీ మిక్సరుకీ చిన్న యూపీఎస్ పెట్టండి, యాంప్లిఫయరు మాత్రం దానికి తగిలించొద్దు. పాటవారీగా ట్రాన్స్‌పోజ్ అంకెలు కాగితం మీద రాసి కీబోర్డుకే అంటించండి.