టీవీలో ఏడవకపోతే హంతకులేనా? నోయిడా జంట హత్యల కేసు మీద వాదన

మిర్యాలగూడ మిత్రుడు:
2008 మేలో నోయిడా ఫ్లాట్‌లో డెంటిస్టు దంపతుల కూతుర్ని చంపారు. ముందు పనిమనిషిని అనుమానించారు, మర్నాడు అతని శవమే డాబా మీద దొరికింది. తల్లిదండ్రులకు 2013లో సీబీఐ కోర్టు యావజ్జీవం వేస్తే, 2017లో అలహాబాద్ హైకోర్టు కొట్టేసింది. నాకైతే అనుమానం పోలేదు. పక్క గదిలో పడుకుని ఏమీ వినలేదంటే ఎట్లా నమ్మాలి? టీవీలో ఆ తల్లి కళ్లల్లో తడి కూడా లేదు.

పాలమూరు పద్మ:
ఏడుపు సంగతి వదిలెయ్యన్నా. మా దిక్కు ఏడవకపోతే రాతిగుండె అంటారు, ఎక్కువ ఏడిస్తే నాటకం అంటారు. వినబడకపోవడం మాత్రం అడగాల్సిందే. మే ఎండలు, ఏసీ నడుస్తోంది, తలుపులు మూసి ఉన్నాయి అన్నారు వాళ్లు. నాకు అది నమ్మేలాగే ఉంది. మా ఇంట్లో కూలర్ వేస్తే కాలింగ్ బెల్ కూడా వినబడదు.

దేవరకొండ వకీలు:
ఈ కేసులో హైదరాబాద్‌కూ పాత్ర ఉంది. ఆ డెంటిస్టు దగ్గర పనిచేసిన కాంపౌండర్ గదిలో దొరికిన దిండు గలీబు మీద పనిమనిషి డీఎన్ఏ ఉందని డీఎన్ఏ పరీక్షలు చేసే మన సీడీఎఫ్‌డీ ల్యాబ్ 2008లో రాసింది. 2011లో అది టైపింగ్ పొరపాటు, గలీబుల వివరాలు తారుమారయ్యాయి అన్నారు. అట్లని కాంపౌండర్‌ను హంతకుడు అనడం లేదు, అతని మీదా ఏదీ రుజువు కాలేదు. కానీ తల్లిదండ్రులకు పనికొచ్చే కాగితం మీదే అంత ఆలస్యంగా సవరణ రావడం నాకు మింగుడు పడదు.
చూసిన సాక్షి లేని కేసుల్లో ఏం కావాలో 1984లో శరద్ సార్డా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. సాక్ష్యాల గొలుసులో ఒక్క లంకె తెగినా శిక్ష వేయొద్దు, నిర్దోషి అనుకోవడానికి వీలున్న ప్రతి ఊహా కొట్టుకుపోవాలి.

మిర్యాలగూడ మిత్రుడు:
అట్లయితే నాలుగు గోడల మధ్య చంపినోళ్లంతా బయటపడతారు కదా వకీలు సాబ్?

దేవరకొండ వకీలు:
పడరు. ఇంట్లో ఏం జరిగిందో ఇంటివాళ్లే చెప్పాలని 2006లో అదే కోర్టు త్రిముఖ్ కేసులో అన్నది. 2024 జులై దాకా అమల్లో ఉన్న ఎవిడెన్స్ యాక్టులో సెక్షన్ 106 అదే. కానీ పోలీసులు ముందు తమ వంతు రుజువు పెట్టాకే ఆ భారం ఇటు తిరుగుతుంది. మీ ఊరి 2018 ప్రణయ్ పరువు హత్యే చూడండి. అనుమానం అమ్మాయి తండ్రి మీదికే పోయింది. అయితే అక్కడ ఆసుపత్రి సీసీ కెమెరా ఉంది, సుపారీ తీసుకున్నవాళ్లు దొరికారు. 2025 మార్చిలో నల్లగొండ కోర్టు ఒకరికి ఉరి, ఆరుగురికి యావజ్జీవం వేసింది.

పాలమూరు పద్మ:
డాబా తలుపుకు తాళం ఉందని మొదటిరోజు పోలీసులు పైకే పోలేదు. శవం అక్కడే ఉంది! వాళ్లను ఎవరూ అనుమానించరేం?

మిర్యాలగూడ మిత్రుడు:
సరే అక్కా, పోలీసులది తప్పే. మరి డైనింగ్ టేబుల్ మీద విస్కీ సీసాకు చనిపోయిన ఇద్దరి రక్తమూ అంటి ఉంది. బయటివాడు హత్యలు చేసి అంత తీరుబడిగా తాగి పోతాడా?

దేవరకొండ వకీలు:
ఎవరు తాగారో సీసా చెప్పదు. రెండు రకాలుగా అనుకునే వీలుంటే కోర్టు నిందితుడి వైపే చూడాలి.

మిర్యాలగూడ మిత్రుడు:
చూడనివ్వండి. నేను కోర్టును కాదు కదా, నా అనుమానం నాకుంది.