అప్‌డేట్: అంబాసిడర్‌కి ఐదో గేరు పడింది

‘1489 సీసీ అంబాసిడర్ హైవే మీద 80కే గోల పెడుతోంది, వెనక యాక్సిల్‌లోని పళ్లచక్రాల జత (క్రౌన్-పినియన్) మార్చాలా, ఐదు గేర్ల బాక్సు వెయ్యాలా?’ అని అడిగాను కదండీ. బాక్సే వేశాం, ఇసుజు ఇంజిన్ అంబాసిడర్ 1800 ఐఎస్‌జడ్‌ది. క్రౌన్ మారిస్తే ఒకటో గేరు కూడా బరువెక్కుతుంది, నిండు బండితో ఎత్తెక్కితే క్లచ్ కాలుతుంది.

కొనేముందు ఐదో గేరులో పెట్టి ఇన్‌పుట్ షాఫ్టు 17 చుట్లు తిప్పితే వెనక 20 తిరిగింది. అంటే 0.85. క్రౌన్ పళ్లు 41, పినియన్‌వి 9, టైరు చుట్టుకొలత 2.07 మీటర్లు. ఆ లెక్కన 80లో 2,930 ఆర్‌పీఎం కాస్తా 2,490కి దిగింది. రణస్థలం దాటాక ఇప్పుడు పక్కసీటు మాట వినిపిస్తోంది!

అసలు తిప్పలన్నీ పాత ఇంజిన్‌కి కొత్త బాక్సుని కలిపే అడాప్టర్ ప్లేటుతోనే. బోల్టులు పట్టేశాయి కదా అని వదిలేయకండి. ఇంజిన్ వెనక ఉండే ఫ్లైవీలుకి డయల్ గేజీ (సన్నటి తేడాని ముల్లుతో చూపే కొలత పరికరం) బిగించి, క్రాంకు చేత్తో తిప్పుతూ బెల్‌హౌసింగ్ (క్లచ్‌ని కప్పే గుల్ల) రంధ్రం అంచు చూస్తే ముల్లు 0.4 మి.మీ. ఊగింది. 0.1 లోపలికి తెచ్చాకే ప్లేటు కదలకుండా పట్టే డోవెల్ పిన్నులు కొట్టాం. లేకపోతే ఇన్‌పుట్ షాఫ్టు కొసని పట్టే పైలట్ బుష్, ఇన్‌పుట్ బేరింగు త్వరగా పోతాయి. క్లచ్ ప్లేటుకి స్ప్లైన్లు (షాఫ్టు మీద కూర్చునే గాళ్లు) కొత్త బాక్సువి, వ్యాసం పాత ఫ్లైవీలుది ఉండాలి.

బాక్సు నుంచి వెనక యాక్సిల్‌ని తిప్పే ప్రొపెల్లర్ షాఫ్టు కొలత బండి చక్రాల మీద నిలబడ్డప్పుడే తియ్యాలి, బాక్సులోకి జారే దాని మూతి (స్లిప్ యోక్) లోపల 20 మి.మీ. ఖాళీ వదిలి. కోయించాక బ్యాలెన్సింగ్ మానేస్తే 65 దగ్గర సీటు వణికింది. చేయించాక పోయింది.

స్పీడోమీటరు మాత్రం ఇంకా అబద్ధమే చెబుతోంది.