తాగుడు మానడానికి మీటింగ్‌కి వెళ్దామనుకుంటున్నా, లోపల ఏం జరుగుతుంది?

రేపటినుంచి:
రోజూ రాత్రి పిల్లలు పడుకున్నాక మొదలుపెడితే సీసా ఖాళీ అయ్యేదాకా లేవను. ఇంట్లో అందరికీ తెలుసు, ఆఫీసులో ఎవరికీ తెలీదు. ఏఏ (ఆల్కహాలిక్స్ అనానిమస్) మీటింగ్ అడ్రస్ ఫోన్‌లో దాచుకున్నాను గానీ కాలు కదలట్లేదు. వెళ్లగానే లేచి నిలబడి "నేను తాగుబోతుని" అని చెప్పాలా? తెలిసినవాళ్లు ఎదురైతే ఏం చేయాలి? పైగా నాకు దేవుడి మీద నమ్మకం లేదు. మానడానికి వాళ్లు పాటించే పన్నెండు మెట్లు (సూత్రాలు) చదివితే చాలాచోట్ల దేవుడే ఉన్నాడు, దాంతో ఇంకా టెన్షన్. వెళ్లినవాళ్లెవరైనా చెప్పండి. దయచేసి ఉపన్యాసాలు వద్దు.

పాతకుర్చీ:
ఉపన్యాసం ఇవ్వను గానీ ముందు ఒకటి అడుగుతా. పొద్దున లేవగానే చేతులు వణుకుతాయా? చెమటలు పడతాయా? అలా అయితే మీటింగ్ కంటే ముందు డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఏళ్ల తరబడి రోజూ తాగినవాళ్లు ఒక్కసారిగా ఆపేస్తే కొన్ని గంటల్లోనే వణుకు మొదలవుతుంది. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. కొందరికి మూడో రోజుకల్లా మతి చెదిరి లేనివి కనిపిస్తాయి, ప్రాణం మీదికి కూడా వస్తుంది. డాక్టరు కనిపెట్టుకుని ఉండి మాత్రలు ఇస్తే ఇది క్షేమంగా దాటుతుంది. మీటింగ్‌లో కూర్చునే మేమెవరం డాక్టర్లం కాదు.

ఇక లోపలి సంగతి. మిమ్మల్ని ఎవరూ లేవమనరు. వంతులవారీగా మాట్లాడతారు, మీ వంతు వచ్చినప్పుడు "ఈరోజు వింటాను" అంటే చాలు, పక్కవాళ్లు అందుకుంటారు. పేరు అడుగుతారు, ఇంటిపేరు అడగరు. ఒకరు చెబుతుంటే మధ్యలో దూరి సలహాలు ఇవ్వరు. ఫీజు లేదు. ఒక బుట్ట తిరుగుతుంది, వేసేవాళ్లు వేస్తారు, కొత్తవాళ్లు వేయకపోతే ఎవరూ పట్టించుకోరు. సభ్యులవడానికి ఒకటే షరతు: తాగుడు మానాలన్న కోరిక. అప్పటికే మానేసి ఉండాలని కాదు.

మీటింగుల జాబితాలో "ఓపెన్", "క్లోజ్డ్" అని రాసి ఉంటుంది. ఓపెన్‌కి ఎవరైనా రావచ్చు, క్లోజ్డ్‌కి తాగుడు మానాలనుకునేవాళ్లే వస్తారు. మీకున్న భయానికి క్లోజ్డే నయం, చూడ్డానికి వచ్చేవాళ్లు ఉండరు. ఏఏ వాళ్ల "మీటింగ్ గైడ్" యాప్‌లో వెతకండి, కానీ టైమింగులు మారుతుంటాయి, వెళ్లేముందు ఒకసారి ఫోన్ చేసి కనుక్కోండి.

తెలిసినవాళ్లంటారా, నాకు మా పిల్లాడి లెక్కల మాస్టారు ఎదురయ్యారు. నాకంటే ఆయన ముఖమే ఎక్కువ పాలిపోయింది. తర్వాత స్కూల్లో కలిస్తే ఇద్దరం మార్కుల గురించే మాట్లాడుకున్నాం.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతా. అవ్వగానే పారిపోకండి. నన్ను నిలబెట్టింది మీటింగ్ కంటే ఎక్కువగా, అది అయ్యాక బయట నిలబడి మాట్లాడుకునే ఆ కాసేపు. ఇద్దరు ముగ్గురి నంబర్లు అడిగి తీసుకోండి. తాగాలనిపించినప్పుడు ఫోన్ చేయబుద్ధి కాదు, అందుకే ఏమీ లేని రోజుల్లోనే చేసి అలవాటు చేసుకోవాలి.

లెక్కప్రకారం:
దేవుడి గొడవ నాకూ ఉండేది. ఏఏ 1935లో అమెరికాలో, ఒక మత బృందంలో తిరిగిన ఇద్దరు తాగుబోతులతో మొదలైంది. ఒకాయన స్టాక్ బ్రోకరు, ఇంకొకాయన సర్జను. ఆ వాసన మెట్లలో ఉండిపోయింది. "మనం అర్థం చేసుకున్న దేవుడు" అని వాళ్లే సడలింపు ఇచ్చారు, కొందరైతే దేవుడి బదులు తమ గ్రూపునే తమకంటే పెద్ద శక్తి అనుకుంటారు. నాకు అదీ మింగుడు పడలేదు, స్మార్ట్ రికవరీకి మారాను. 1994లో మొదలైన సంస్థ. అక్కడ మెట్లు లేవు, దేవుడు లేడు. తాగితే వచ్చేదేంటి, పోయేదేంటి అని కాగితం మీద రాయిస్తారు, కోరిక పుట్టినప్పుడు దాన్ని ఎలా దాటాలో నేర్పుతారు. ఆన్‌లైన్ మీటింగులూ ఉన్నాయి. కానీ ఏఏలో లాగా మీకంటూ ఒక స్పాన్సర్ (తోడుండి దారి చూపే పాత సభ్యుడు) ఉండరు, ఆ లోటు తెలుస్తుంది.

ఇంకో మాట, నాకు నచ్చకపోయినా చెప్పాలి. 2020లో, వైద్య పరిశోధనల్ని సమీక్షించే కాక్రేన్ సంస్థ 27 అధ్యయనాలు కలిపి చూసింది. పూర్తిగా మానేసి ఉండటంలో, ఏఏ వైపు పద్ధతిగా నడిపించే చికిత్సలు కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ (ఆలోచనల్ని, అలవాట్లని మార్చే మానసిక చికిత్స) లాంటివాటి కంటే మెరుగ్గా తేలాయి. కాబట్టి ఒక గ్రూపు నచ్చకపోతే ఏఏనే వదిలేయకండి, ఇంకో గ్రూపు చూడండి. మనుషులు మారితే గది మారిపోతుంది.

వంటింటి కిటికీ:
నేను తాగినదాన్ని కాదు, తాగేవాడి భార్యని. మీ ఇంట్లోవాళ్లకి అల్-అనాన్ గురించి చెప్పండి. తాగేవాళ్ల కుటుంబాల కోసం 1951 నుంచి ఉంది. మీరు మానినా మానకపోయినా వాళ్లు వెళ్లొచ్చు. నేను సీసాలు వెతకడం మానేసింది అక్కడికి వెళ్లాకే.

రేపటినుంచి:
అందరికీ థాంక్స్. అవును, చేతులు వణుకుతాయి. డాక్టరు దగ్గర టైం తీసుకున్నాను, మా ఆవిడ కూడా వస్తానంది. ఏఏ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేస్తే ఎత్తినాయన "ఈరోజు తాగారా?" అని, భోంచేశారా అన్నట్టే మామూలుగా అడిగారు. గురువారం క్లోజ్డ్ మీటింగ్ ఉందట. ఒకవేళ తాగి ఉంటే వెళ్లొచ్చా?

పాతకుర్చీ:
రండి. ఆ రోజుకి మాట్లాడకుండా వినమంటారు, అంతే. బండి మాత్రం మీరు నడపొద్దు, ఎవరినైనా దింపమనండి. డాక్టరు దగ్గర ఎంత తాగుతారో తగ్గించి చెప్పకండి, మాత్రల మోతాదు దాన్నిబట్టే ఉంటుంది.