బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి: సామెత చెప్పని నాలుగో బాయి

తెలంగాణవాళ్ల బతుకుతెరువు గురించి చెప్పే ‘బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి’ అనే మాట ఉత్త ప్రాస కోసం పుట్టిందా, వెనక ఇంకేమైనా ఉందా అని గ్రూపులో అడిగారు. నేను ఉండేది దుబాయిలోనే. ఈ మాట ఇక్కడ మావాళ్ల నోట తరచూ వింటాను. నాకు తోచింది రాస్తున్నాను.

మూడింటిలో అసలైన బాయి ఒక్కటే. సంస్కృతం ‘వాపి’ తెలుగులో బావి అయింది, తెలంగాణలో అదే బాయి. బొగ్గు ప్రాంతంలో గని అనేది కాగితాల మీది మాట. మనుషులు అనేది ‘బాయి దిగిండు’, ‘బాయి పనికి పోయిండు’ అనే. ఇల్లందు దగ్గర 1889లో తవ్వకం మొదలైంది. తర్వాత సింగరేణి కొలువు ఎన్నో కుటుంబాలకు ఆధారమైంది.

బొంబాయి, దుబాయి ఊళ్ల పేర్లు. బావితో వాటికి ఏ చుట్టరికమూ లేదు. 1995లో ఊరు ముంబై అయినా సామెతలో బొంబాయి కదల్లేదు. బొగ్గులో ఉన్న ‘బొ’కి జోడీ అదే మరి. ఆ ఊరితో మన సంబంధం చాలా పాతది. అక్కడి కామాఠీపురకు ఆ పేరు తెలంగాణ నుంచి కూలికి వెళ్లిన కామాఠీల వల్లే వచ్చింది. పక్కనే ఉన్న భివండి మరమగ్గాల మీద మన నేతవాళ్లు తరాలుగా పనిచేస్తున్నారు. దుబాయి మాత్రం 1970ల్లో చమురు ధరలు పెరిగాక తెరుచుకున్న దారి. కరీంనగర్, నిజామాబాద్ వైపు నుంచి ఎక్కువగా వచ్చారు. సౌదీకి పోయినా, మస్కట్‌కు పోయినా ఊళ్లో వాళ్లకు అది ‘దుబాయి పోవుడే’.

ఇక నాకు ముఖ్యమనిపించేది. తెలంగాణ పల్లెలో ‘బాయికాడికి పోయిండు’ అంటే నీళ్లు తోడుకోవడానికి వెళ్లాడని కాదు, పొలానికి వెళ్లాడని. చేను, మోటరు, కొట్టం అన్నీ కలిపి ‘బాయికాడ’. అంటే మనిషికి మొదటి బాయి అది. అది ఎండిపోతేనో, నీళ్లున్నా అప్పు తీరకపోతేనో మిగతా మూడూ గుర్తొస్తాయి. సామెత ఆ నాలుగోదాని పేరు ఎత్తదు. ఎత్తకుండానే దాని గురించే మాట్లాడుతోందని నేను గట్టిగా నమ్ముతాను.

సోనాపూర్ కార్మికుల క్యాంపులో నాకు తెలిసిన ఒకాయన ఉన్నాడు. ఆదివారం పొద్దున ఇంటికి వీడియో కాల్ చేస్తాడు. పిల్లల చదువు, అమ్మ మందులు అయ్యాక భార్యను ఫోన్ బాయిలోకి వంచమంటాడు. నీళ్లపైన ఎన్ని మెట్లు కనపడుతున్నాయో తనే లెక్కపెడతాడు. కిందటి వారం కంటే ఒక మెట్టు ఎక్కువ తేలితే ఆ పూట గదిలో ఎవరితోనూ మాట్లాడడు. బాయి అనే శబ్దం ఆయన చెవికి ఎలా వినపడుతుందో మనం నిఘంటువు చూసి చెప్పలేం.

ఇంకో సంగతి. ఈ మూడో బాయి తెలుగుకు మాటలు కూడా ఇచ్చింది. పూచీ ఉండే యజమాని కఫీల్. సౌదీలో ఉండటానికి ఇచ్చే కార్డు అకామా. పేరుకు ఒక కఫీల్, పని ఇంకెక్కడో అయితే ‘ఆజాద్ వీసా’. చట్టంలో అలాంటి వీసా లేదు, ఊళ్లో మాత్రం అందరికీ తెలుసు. ‘ఖల్లివెల్లి’ అయితే మరీ విచిత్రం. గల్ఫ్ అరబ్బీలో ‘పోనీలే, వదిలెయ్’ అనే ధోరణి మాట అది. మనవాళ్ల నోట కఫీల్‌ను వదిలి బయట పనిచేసుకునే మనిషికి పేరైంది. ‘వాడు ఖల్లివెల్లి అయిండు’ అంటే అందులో పోలీసు భయం, ఇంటికి రాలేని టెన్షన్ అన్నీ ఉన్నాయి. జవాబు, ఖాళీ, హక్కు, వకీలు కూడా అరబ్బీవే. అవి పారసీ, ఉర్దూల మీదుగా వచ్చాయి, ఎప్పుడో మనవైపోయాయి. కఫీల్, అకామా, ఖల్లివెల్లి మాత్రం పనివాళ్ల నోటితో నేరుగా వచ్చాయి. మన నిఘంటువుల్లో వీటికి చోటు ఇవ్వాలి. లక్షల ఇళ్లలో తెలిసిన మాటను యాస అనో, పరాయిది అనో పక్కన పెట్టడం అన్యాయం.

‘ప్రవాసాంధ్రులు’ అనే మాట వినగానే ఎక్కువమందికి అమెరికా గుర్తొస్తుంది, గల్ఫ్‌వాళ్లను మాత్రం ‘వలస కార్మికులు’ అంటాం. దీని మీద విడిగా చర్చ పెడితే బాగుంటుంది.

ఉత్తరాంధ్ర సభ్యులకు ఒక మనవి. బతుకుతెరువుకు వెళ్లిన బర్మాలోని రంగూన్‌ను మీవైపు ‘రంగం’ అనేవారు కదా. 1942లో యుద్ధం వల్ల బర్మా నుంచి నడిచి వచ్చిన కుటుంబాలు మీ ఊళ్లలో ఉంటే, వాళ్లు అక్కడి నుంచి తెచ్చుకున్న మాటలు ఇంకా ఏవైనా ఇంట్లో వాడుతున్నారా? ఒక్క మాటైనా సరే, అర్థంతో సహా ఇక్కడ రాయండి.