చనుమొనలు లోపలికి ఉన్నాయి, ఆపరేషన్ చేయించుకోవాలా? (యూకేకి కొత్తగా వచ్చిన చెల్లెలి ప్రశ్న)

పేరు చెప్పని సభ్యురాలు, రెడింగ్:

అక్కలందరికీ నమస్తే. ఖమ్మం నుంచి డిపెండెంట్ వీసా మీద వచ్చి మూడు నెలలవుతోంది. నాకు 26. పెద్దమనిషి అయినప్పటి నుంచీ రెండు చనుమొనలూ లోపలికే ఉన్నాయి. చలేసినప్పుడు కాస్త బయటికొస్తాయి, మళ్లీ లోపలికి పోతాయి. అమ్మకి కూడా ఎప్పుడూ చెప్పలేదు. వచ్చే ఏడాది పిల్లల కోసం చూద్దామనుకుంటున్నాం. ఈలోపు ఆపరేషన్ చేయించుకుంటే పాలివ్వడానికి ఇబ్బంది ఉండదు కదా? ఇక్కడి ప్రభుత్వ వైద్యంలో, అంటే ఎన్‌హెచ్ఎస్‌లో చేస్తారా, ఇండియా వెళ్లాలా? చాలా టెన్షన్‌గా ఉంది.

లెస్టర్ అక్క:

చెల్లీ, పిల్లల్ని కనాలనుకుంటూ ఇప్పుడా ఆపరేషన్ జోలికి వెళ్లకు. నేను వెళ్లాను కాబట్టి చెబుతున్నా.

నాకు 23 ఏళ్లప్పుడు, పెళ్లి కుదరగానే, ఇంటి దగ్గర ఒక ప్రైవేటు క్లినిక్‌లో చేయించారు. మత్తు సూది ఇచ్చి గంటలో పంపించేస్తామన్నారు, అలాగే పంపించారు. పాలు వచ్చే నాళాల సంగతి ఒక్కరూ ఎత్తలేదు. అడగాలని నాకూ తెలియదు. నాలుగేళ్లకు ఇక్కడ బాబు పుట్టాడు. మూడో రోజు రాత్రి రెండు రొమ్ములూ రాళ్లలా అయిపోయాయి, చంకల దాకా నొప్పి, చేతులు దించలేకపోయాను. బాబు నోరు తెరిచి పట్టుకుంటాడు, నాలుగుసార్లు చప్పరించి ఏడుస్తాడు. మిడ్‌వైఫ్ చేత్తో నొక్కి చూసింది. కుడివైపు ఒక్క చుక్క మెరిసింది, ఎడమవైపు అదీ లేదు. మొన మొదట్లో ఉన్న సన్నటి మచ్చ చూసి, 'ఇక్కడేమైనా ఆపరేషన్ జరిగిందా?' అని మెల్లగా అడిగింది. నాళాలు కోసేశారని నాకు తెలిసింది అప్పుడే. బాబు డబ్బా పాలతోనే ఆరోగ్యంగా పెరిగాడు, అందులో తప్పేమీ లేదు. కానీ ఆ నిర్ణయం నాకు చెప్పకుండా జరిగిపోయింది. ఇన్నేళ్లయినా అదే బాధ.

మొనలు ఇలా ఉన్న చాలామందిలో ఈ నాళాలు పొట్టిగా ఉండి, చుట్టూ ఉన్న కణజాలం బిగుసుకుని మొనను లోపలికి లాగుతుంది. డాక్టర్లు మూడు గ్రేడ్లు చెబుతారు. వేళ్లతో తేలిగ్గా బయటికొచ్చి కాసేపు నిలిస్తే మొదటిది, కష్టంగా వచ్చి వెంటనే లోపలికి పోతే రెండోది, అసలు రాకపోతే మూడోది. నువ్వు రాసినదాన్ని బట్టి నీది మూడోది కాదనిపిస్తోంది, కానీ చూసిన డాక్టరే తేల్చాలి. బాగా బిగుసుకున్నవాటికి నాళాలు కోస్తేనే మొన బయట నిలుస్తుంది. కోయకుండా చేసే పద్ధతులూ ఉన్నాయి, వాటిలో మళ్లీ లోపలికి పోయే అవకాశం ఎక్కువ. ఏ పద్ధతైనా పాలకు గ్యారంటీ లేదు.

బిడ్డ తాగేది మొన ఒక్కదాన్నే పట్టుకుని కాదు, చుట్టూ ఉన్న నల్లటి భాగాన్ని కూడా నోటినిండా పట్టుకుని. అందుకే మొన లోపలికి ఉన్నా ఎంతోమంది పాలిస్తున్నారు. మా ఆడపడుచు ఇద్దరు పిల్లలకూ ఇచ్చింది.

మాంచెస్టర్ నుంచి, ప్రసూతి వార్డు నర్సు:

అక్క చెప్పింది అక్షరాలా నిజం. డెలివరీ అయ్యాక పనికొచ్చేది ఒకటి చెబుతాను, మన ఊళ్ల ఆసుపత్రుల్లో కూడా చేయిస్తారు. పది లేదా ఇరవై మిల్లీలీటర్ల కొత్త సిరంజి తీసుకుని, సూది పెట్టే కొన కోసేసి, పిస్టన్‌ను కోసినవైపు నుంచి దూర్చాలి. నున్నగా ఉన్న రెండోవైపు రొమ్ముకు ఆనించి, నొప్పి లేకుండా మెల్లగా లాగి, అర నిమిషం ఉంచి వదలాలి. పాలిచ్చే ముందు చేస్తే మొన బయటికొస్తుంది, బిడ్డకు పట్టు దొరుకుతుంది. మొదటిసారి నర్సు ముందు చెయ్యి.

నిప్లెట్ అని చిన్న ప్లాస్టిక్ టోపీ లాంటిది కూడా ఉంది, మెల్లగా పీల్చి పట్టి ఉంచుతుంది. దాన్ని తయారుచేసింది ఇక్కడి ప్లాస్టిక్ సర్జనే, డగ్లస్ మెక్‌జార్జ్. గర్భం రాకముందు నెలల తరబడి వాడాలి, ఓపిక కావాలి. గర్భంలో వేళ్లతో సాగదీసే హాఫ్‌మన్ వ్యాయామాలు చెయ్యమని ఎవరైనా అంటే పట్టించుకోవద్దు. 1990లలో బ్రిటన్‌లోనే పరీక్షించి చూశారు, లాభం కనబడలేదు.

ఇక ఎన్‌హెచ్ఎస్. దీన్ని అందం కోసం చేసే ఆపరేషన్ కింద లెక్కేస్తారు, మామూలుగా చెయ్యరు. వీసాతో పాటు ఏడాదికి 1,035 పౌండ్ల హెల్త్ సర్‌చార్జ్ కట్టినా సరే. పిల్లలయ్యాక అయినా ప్రైవేటులో చేయించుకోవాలనిపిస్తే సర్జన్ పేరు డాక్టర్లను నమోదు చేసే జీఎంసీ వారి స్పెషలిస్ట్ రిజిస్టర్‌లో, క్లినిక్ పేరు ఆసుపత్రులను తనిఖీ చేసే సీక్యూసీలో ఉన్నాయో లేదో చూసుకో. మొదటి అపాయింట్‌మెంట్‌లోనే డేట్ ఇస్తామంటే ఒప్పుకోకు, కనీసం రెండు వారాలు ఆలోచించుకో.

అందరూ చదవాల్సింది ఇంకొకటి. చిన్నప్పటి నుంచీ ఇలాగే ఉంటే అది మన శరీర తీరు. మామూలుగా ఉన్న మొన కొత్తగా లోపలికి పోతే, ముఖ్యంగా ఒకవైపే పోతే, లేదా గడ్డ, రక్తపు స్రావం, చర్మం సొట్ట పడటం లాంటివి కనిపిస్తే ఆ వారమే జీపీకి, అంటే మీ పేరు రాయించుకున్న ఫ్యామిలీ డాక్టర్‌కు చూపించండి. బ్రెస్ట్ క్లినిక్‌కు పంపిస్తారు. అర్జెంట్‌గా పంపినవాళ్లకు క్యాన్సర్ ఉందో లేదో 28 రోజుల్లో చెప్పాలన్నది ఇంగ్లండ్‌లో పెట్టుకున్న లక్ష్యం. సిగ్గుపడి ఆరు నెలలు దాచుకుని వచ్చినవాళ్లను చూశాను, దయచేసి అలా చెయ్యొద్దు.

పేరు చెప్పని సభ్యురాలు, రెడింగ్:

చదువుతుంటే ఏడుపొచ్చింది అక్కా. ఆపరేషన్ ఆలోచన మానుకున్నా. ఒకసారి చూపించుకోవాలని మాత్రం ఉంది. ఇంకా జీపీలో పేరు రాయించుకోలేదు, కరెంటు బిల్లు నా పేరు మీద లేదు. మగ డాక్టర్ వస్తే ఎలా?

లెస్టర్ అక్క:

బిల్లు లేకపోయినా రాయించుకోవచ్చమ్మా, అడ్రస్ ప్రూఫ్ తప్పనిసరి కాదు. రిసెప్షన్‌లో 'ఫీమేల్ డాక్టర్ ప్లీజ్' అను. ఎందుకని అడిగితే 'బ్రెస్ట్ ప్రాబ్లం' అంటే చాలు, అందరి ముందూ వివరాలు చెప్పక్కర్లేదు. లోపల ఎవరు చూసినా 'షాపరోన్ కావాలి' అంటే ఇంకో స్టాఫ్‌ను పక్కన నిలబెడతారు. ఇంగ్లీషులో చెప్పలేననిపిస్తే తెలుగు ఇంటర్‌ప్రెటర్‌ను అడుగు, డబ్బులు తీసుకోరు. మీ ఆయన్ని అనువాదానికి కూర్చోబెట్టుకోవాల్సిన పనిలేదు. సోమవారం ఫోన్ చేసి, ఏమన్నారో ఇక్కడే రాయి.