వాల్వులో నీలం వెలుగు: మార్చేయాలా, ఉంచాలా?

అమలాపురం: మా నాన్నగారి వాల్వు ఆంప్లిఫయర్ (గాజు గొట్టాలతో నడిచే పాతకాలంది) అటక మీంచి దింపాను. స్పీకర్‌ని నడిపే అవుట్‌పుట్‌లో ఈఎల్34 రకం వాల్వులు రెండు. రెండిట్లోనూ గాజుకి లోపలివైపు నీలం వెలుగు, పాట హెచ్చితే కదులుతోంది. ఒకదానికి మాత్రం కాసేపటికి లోపలి ప్లేటు (ఎలక్ట్రాన్లు చేరే రేకు) మీద మందారం రంగు మచ్చ పడుతోంది. మైకుసెట్టాయన జత మొత్తం మార్చేయమంటున్నాడు. ఏం చెయ్యమంటారండీ?

భీమవరం: మార్చేయండి. నీలం వచ్చిందంటే లోపల గ్యాస్ చేరినట్టే, ఇంక ఆలోచనెందుకు?

పాలకొల్లు: అన్నా, ఈ మాట నమ్మే ఎన్నో మంచి వాల్వులు చెత్తలో పడ్డాయి. గాజుని అంటుకుని కనిపించే నీలం, ప్లేటుని తప్పించుకున్న ఎలక్ట్రాన్లు గాజుకి తగలడం వల్ల వస్తుంది, దానివల్ల నష్టం లేదు. గ్యాస్ అయితే వెలుగు గాజు మీద కాదు, లోపల ఎలక్ట్రాన్లు వదిలే కేథోడ్‌కీ ప్లేటుకీ మధ్య ఊదా రంగులో నిండుతుంది. గాలే దూరితే గాజు లోపలి వెండి రంగు బేరియం పూత తెల్లబడిపోతుంది.

అమలాపురం తమ్ముడూ, కంగారు పడాల్సింది ఆ ఎర్ర మచ్చకి. ఈఎల్34 ప్లేటు తట్టుకునేది 25 వాట్లు, ఎర్రబడిందంటే అది దాటిపోయినట్టే. మచ్చ కనపడగానే ఆపేసి, చల్లారాక వాల్వులు రెండూ అటూ ఇటూ మార్చి చూడండి. మచ్చ వాల్వుతో వెళితే తప్పు వాల్వుది, పాత సాకెట్ దగ్గరే ఉండిపోతే సర్క్యూట్‌ది, అప్పుడు కొత్త జత కొన్నా అదీ ఎర్రబడుతుంది. మన కోనసీమ చెమ్మకి సాకెట్ పిన్నులు చిలుం పట్టి వాల్వులో కరెంటుని అదుపు చేసే గ్రిడ్‌కి బయాస్ (మైనస్ వోల్టేజీ) అందకపోవచ్చు, లేదా ముందు దశ నుంచి పాటని మాత్రమే దాటించాల్సిన పాత కాగితం కప్లింగ్ కెపాసిటర్ లీకవుతూ గ్రిడ్ మీదికి ప్లస్ వోల్టేజీ వదులుతూ ఉండొచ్చు. మీటర్ పట్టడం తెలిసినవాళ్ళ చేతే చూపించండి, లోపల 400 వోల్టులు ఉంటాయి, స్విచ్ కట్టేసినా కెపాసిటర్లలో కరెంటు మిగిలే ఉంటుంది.

భీమవరం: ఇంత తిప్పలెందుకు? జత మారిస్తే పోతుందిగా.

పాలకొల్లు: పోదండీ, అదే చెబుతున్నాను! లీకయ్యే కెపాసిటర్ కొత్త వాల్వుని కూడా తినేస్తుంది.

అమలాపురం: మార్చి చూశాం. మచ్చ పాత సాకెట్ దగ్గరే పడింది. రేడియో మెకానిక్ గారు వాల్వులు తీసేసి ఆ సాకెట్‌లో గ్రిడ్‌కి వెళ్ళే ఐదో పిన్ దగ్గర మీటర్ పెడితే, మైనస్‌లో ఉండాల్సిన వోల్టేజీ ప్లస్‌లోకి వెళ్ళింది. కెపాసిటర్లు రెండూ మార్పిస్తున్నాను.

భీమవరం: కెపాసిటర్ సరే. ఆ ఎర్రబడ్డ వాల్వుకి గ్రిడ్‌లోంచి కరెంటు పారుతోందేమో కూడా చూడనిదే నేనైతే వాడను.

పాలకొల్లు: అది మాత్రం తప్పకుండా చూడండి.